బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది: పాత 320డీకి ముందు సస్పెన్షన్ ఎంతవరకు మార్చాలి?

కృష్ణాతీరం320 (విజయవాడ)

అందరికీ నమస్కారం. నాది 2010 మోడల్ బీఎండబ్ల్యూ 320డీ, ఈ90 బాడీ (ఆ తరం 3 సిరీస్‌కు కంపెనీ కోడ్), 17 అంగుళాల రిమ్ములు. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటింది. ఇంజిన్, గేర్‌బాక్స్ శుభ్రంగా ఉన్నాయి. బాధంతా ముందు చక్రాల దగ్గరే.

కాజ టోల్ దాటాక గుంటూరు వైపు తొంభై, వంద మధ్య వెళ్తూ బ్రేక్ మీద మెల్లగా కాలు వేస్తే స్టీరింగ్ కుడిఎడమలకు వణుకుతుంది. వేగం అరవైకి దిగేసరికి ఆ వణుకు పోతుంది. బ్రేక్ వేయకుండా అదే వేగంలో వెళ్తే ఏమీ ఉండదు. దీనికి తోడు సర్వీస్ రోడ్డులో స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమ వైపు 'టక్' మని ఒక చప్పుడు. ముందు టైర్లు రెండూ లోపలి అంచున ఎక్కువ అరిగాయి.

ఒక షాపులో డిస్కులు వంగిపోయాయి, మార్చాలి అన్నారు. ఇంకో చోట షాకులు (షాక్ అబ్జార్బర్లు) అయిపోయాయన్నారు. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి మంచి పార్టులు వేసి కారును కొత్తలో ఎలా ఉండేదో అలా, వీలైతే ఇంకాస్త మెరుగ్గా చేసుకోవాలని ఉంది. బిల్‌స్టీన్ షాకులు, ఎం3 (ఇదే సిరీస్‌లో వేగమైన మోడల్) ఆర్ములు, కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు, పాలీయురేథేన్ బుష్‌లు... చదివే కొద్దీ టెన్షన్ పెరుగుతోంది. మన రోడ్ల మీద నడిపినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_పానా (విజయవాడ)

తమ్ముడూ, డిస్కుల మీద డబ్బు పెట్టకముందు ఒక సంగతి గమనించు. డిస్కు మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా అరిగితే ఆ తేడా బ్రేక్ పెడల్ కింద కాలికి కూడా తెలుస్తుంది, పెడల్ పైకీ కిందికీ కొడుతుంది. పెడల్ నిలకడగా ఉండి స్టీరింగ్ మాత్రమే ఊగుతోందంటే, అదీ ఒక వేగం దగ్గరే వస్తోందంటే, మొదట అనుమానించాల్సింది టెన్షన్ స్ట్రట్ (చక్రాన్ని బాడీకి కలిపే ఒక ఆర్మ్) బుష్‌ని, అంటే దాని చివర ఉండే రబ్బరు కీలుని. బ్రేక్ వేయకపోయినా వణికితే అప్పుడు వీల్ బ్యాలెన్సింగ్ చూడాలి. నీకు ఆ సమస్య లేదు.

మామూలు కార్లలో ముందు ఒక్కో వైపు ఒకే లోయర్ ఆర్మ్ ఉంటుంది. ఈ90లో రెండు విడి ఆర్ములు ఉంటాయి. అడ్డంగా ఉండేది కంట్రోల్ ఆర్మ్. ఏటవాలుగా ఉండేది టెన్షన్ స్ట్రట్. బ్రేక్ వేసినప్పుడు చక్రాన్ని వెనక్కి నెట్టే బలమంతా ఆ ఏటవాలు ఆర్మే ఆపాలి. దాని బాడీ వైపు చివర ఉన్న బుష్ ఉత్త రబ్బరు కాదు, లోపల ద్రవం నింపి ఉంటుంది. చిన్న చిన్న వణుకుల్ని మింగేది ఆ ద్రవమే. ఏళ్లు గడిచి రబ్బరు చీలితే ద్రవం కారిపోతుంది. అప్పుడు చక్రం ముందుకూ వెనక్కూ కదలడం మొదలుపెడుతుంది. డిస్కులో ఉన్న కొద్దిపాటి తేడా కూడా పెద్దదై స్టీరింగ్‌కు ఎక్కుతుంది. అందుకే కొత్త డిస్కులు వేస్తే కొన్నాళ్లు తగ్గినట్టు ఉండి మళ్లీ వస్తుంది.

షాపులో కారును కింద నుంచి చూసే గుంత ఉంటుంది, దాని మీద పెట్టించు. లైటు వేసి ఆ బుష్ చుట్టూ నల్లగా తడిసిన మరక ఉందేమో చూడు. ఒక రాడ్‌తో ఆర్మ్‌ని బుష్ దగ్గర ఎత్తిపట్టి చూస్తే చీలిక నోరు తెరుస్తుంది.

'టక్' చప్పుడుకు మొదట లింక్ రాడ్ (యాంటీ-రోల్ బార్‌ను స్ట్రట్‌కు కలిపే కడ్డీ) చూడు. అది బాగుంటే స్ట్రట్ (షాకు, స్ప్రింగు కలిసి ఉండే నిలువు భాగం) పైన ఉండే మౌంటింగ్. కారు నిలబడి ఉండగా ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు మీద చెయ్యి ఆనించాలి. స్ప్రింగు సాఫీగా తిరగకుండా పట్టేసి ఒక్కసారిగా వదులుతుంటే మౌంటింగ్ బేరింగ్ పోయినట్టే.

లారా_ఆర్ఎస్ (గుంటూరు)

బ్రో, స్ట్రట్ ఎలాగూ దింపుతున్నారు కదా, ఐబాక్ స్ప్రింగులు కూడా వేసేయండి. బిల్‌స్టీన్ వాళ్ల బీ12 కిట్‌లో బీ8 షాకులు, ఐబాక్ ప్రో-కిట్ స్ప్రింగులు రెండూ కలిపి వస్తాయి, ఒకదానికొకటి సరిపోయేలా చేసినవి. నా స్కోడా లారాను కాస్త కిందికి దించాక హైవే మీద మలుపుల్లో బాడీ వాలడం బాగా తగ్గింది. లేన్ మారేటప్పుడు కారు చెప్పినట్టు వింటుంది. కూలీ ఒక్కసారే అవుతుంది, రెండోసారి విప్పే పని ఉండదు.

అరండల్‌పేట_అన్న (గుంటూరు)

> కాస్త కిందికి దించాక

లారా తమ్ముడు చెప్పింది హైవే వరకు నిజమే. కానీ కృష్ణాతీరం గారి కారు రోజూ తిరిగేది హైవే ఒక్కటే కాదు కదా. ఉండవల్లి నుంచి కరకట్ట మీదుగా ఒకసారి వెళ్లి చూడండి. గుంటూరు నుంచి అమరావతి రోడ్డు ఎక్కండి. ఇది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైన ఎంత బాగా తారు వేసినా రెండేళ్లకల్లా రోడ్డు అలలు తేలుతుంది. ఇలాంటి అల మీద ఎనభైలో వెళ్తే చక్రం పైకి వెళ్లడానికి చోటు కావాలి. స్ప్రింగు పొట్టిదైతే ఆ చోటు తగ్గి బంప్ స్టాప్‌కు (కదలికను చివర్లో ఆపే రబ్బరు ముక్క) తగులుతుంది. ఆ దెబ్బ షాకుకూ, మౌంటింగ్‌కూ, చివరికి బాడీకీ వెళ్తుంది. ఊళ్లలో ఎవరికి వారు ఇంటి ముందు పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల సంగతి మీకు తెలిసిందే. అండర్‌కవర్ ఒక్కసారి ఊడితే అర్థమవుతుంది.

ఇంకో మాట. 2010 బండి అంటే 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు విషయం కూడా ఆలోచించాలి. ఆర్‌సీ రెన్యువల్‌కు బండిని తనిఖీకి చూపించాలి, రెన్యువల్ అయితే ఐదేళ్లు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అప్పుడు కూడా దీని మీదే పేచీ వస్తుంది. పాత పార్టు స్థానంలో అదే కొలతల మంచి పార్టు వేయడం వేరు, బండి ఎత్తు తగ్గించడం వేరు.

లారా_ఆర్ఎస్ (గుంటూరు)

అన్నా, అమరావతి రోడ్డు విషయంలో ఒప్పుకుంటాను. నేను ఎక్కువగా చెన్నై వైపు హైవే మీదే తిరుగుతాను. రోజూ పల్లె రోడ్ల మీద తిరిగే కారుకు స్టాక్ (కంపెనీ ఇచ్చిన) ఎత్తే మేలు. కానీ షాకులు మాత్రం మంచివి వేయండి, అక్కడ పొదుపు చేయొద్దు.

కృష్ణాతీరం320 (విజయవాడ)

గురువుగారూ, మీరు చెప్పినట్టే గుంత మీద పెట్టించి చూశాం. ఎడమ టెన్షన్ స్ట్రట్ బుష్ పూర్తిగా చీలింది, ఆర్మ్ మీద నూనె పాకినట్టు నల్లటి మరక. కుడి వైపుది ఇంకా కారలేదు కానీ చుట్టూ పగుళ్లు ఉన్నాయి. ఎడమ లింక్ రాడ్ జాయింట్ చేతితో కదిలిస్తేనే ఆడుతోంది, చప్పుడు దానిదే. కంట్రోల్ ఆర్మ్‌ను చక్రం హబ్‌కు కలిపే బాల్ జాయింట్ మీది రబ్బరు టోపీ ఒకవైపు చిరిగింది. షాకులు కారడం లేదు, కానీ కారు ముక్కును నొక్కి వదిలితే ఒక్కసారితో ఆగట్లేదు. కంపెనీ వేసిన షాకులు ఇవే, ఇంతవరకు ఎవరూ మార్చలేదు. పెడల్ మాత్రం నిలకడగానే ఉంది. డిస్కు మందం కొలిపించాను, డిస్కు మీద ముద్రించిన కనీస మందం కంటే పైనే ఉంది.

ఇప్పుడు నా ప్రశ్న. చీలిన బుష్ ఒక్కటే మార్చాలా, ఆర్ములు మొత్తం మార్చాలా? ఎం3 ఆర్ములు నేరుగా సరిపోతాయని చాలా చోట్ల చదివాను.

మలుపు_మొనగాడు (మంగళగిరి)

ఎం3 ఆర్ముల గురించి నేను చెప్పగలను, నా కారులో అవే ఉన్నాయి. అవును, వెనుక చక్రాలు నడిపే ఈ90కి ఎం3 ముందు ఆర్ములు నాలుగూ నేరుగా బిగుస్తాయి. కొలతల్లో తేడా వల్ల చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, దాదాపు ఒక డిగ్రీ నెగటివ్ క్యాంబర్ అదనంగా వస్తుంది. బుష్‌లు కూడా గట్టివి. ఈ కారుకు స్టాక్‌లో మలుపులో ముందు టైర్లే ముందుగా పట్టు వదులుతాయి. ఆ గుణం ఎం3 ఆర్ములతో చాలావరకు పోతుంది. కొండవీడు ఘాట్ రోడ్డు మీద ఎక్కుతుంటే స్టీరింగ్ తిప్పిన క్షణంలోనే ముక్కు లోపలికి వస్తుంది. ఆ ఆనందం నేను మాటల్లో చెప్పలేను.

కానీ రెండు విషయాలు తెలిసి వేయండి. రోడ్డు మీది ప్రతి గరుకూ స్టీరింగ్‌కు ముందుకంటే ఎక్కువ తెలుస్తుంది. ఎక్కువగా నేరుగా ఉన్న హైవే మీదే తిరిగితే, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిగ్గా లేకపోతే, టైరు లోపలి అంచు ఇంకా తొందరగా అరుగుతుంది. మీ టైర్లు ఇప్పటికే అక్కడ అరిగాయంటున్నారు. నేను మలుపుల కోసం తిరిగే మనిషిని కాబట్టి నాకు అవి సరిపోయాయి. ఆఫీసుకూ కుటుంబంతో ఊళ్లకూ వెళ్లే కారుకు నేను సిఫారసు చేయను.

ఆటోనగర్_పానా (విజయవాడ)

మలుపు గారు నిజాయతీగా చెప్పారు. నా అభిప్రాయం కూడా అదే. పదిహేనేళ్లు ఎండలో మాడిన రబ్బరుతో నడిచిన కారును మనం తలచుకుని 'ఈ కారు స్వభావమే ఇంత' అనుకుంటాం. అది ఆ కారు స్వభావం కాదు. ముందు అన్ని బుష్‌లూ, జాయింట్లూ కొత్తవి చేసి నడిపి చూడాలి. అప్పుడు కూడా ఏదైనా లోటు కనిపిస్తే అప్‌గ్రేడ్ గురించి మాట్లాడుకోవచ్చు. అరిగిన బుష్‌ల పక్కన గట్టి స్ప్రింగు వేస్తే ఆ బుష్‌లకే ఎక్కువ దెబ్బ.

బుష్ ఒక్కటే మార్చాలా అని అడిగావు. మార్చవచ్చు, టెన్షన్ స్ట్రట్ బుష్ విడిగా దొరుకుతుంది. ప్రెస్ మీద పాతది తీసి కొత్తది ఎక్కించాలి. అయితే ఈ హైడ్రో బుష్‌ను ఎటు పడితే అటు ఎక్కించకూడదు. దాని మీద గుర్తులు ఉంటాయి, ఆర్మ్‌తో ఒక నిర్ణీత కోణంలో కూర్చోవాలి. కోణం తప్పితే లోపల ద్రవం గదులు పనిచేయాల్సిన దిశలో పనిచేయవు. పైగా ఆర్మ్ అల్యూమినియం, ప్రెస్‌లో వంకరగా నొక్కితే బుష్ కూర్చునే రంధ్రం గీసుకుపోతుంది. బాల్ జాయింటేమో ఆర్మ్‌తో కలిసే వస్తుంది, విడిగా ఉండదు. నీకు బాల్ జాయింట్ టోపీ కూడా చిరిగింది. కాబట్టి బుష్ ఎక్కించి ఉన్న పూర్తి ఆర్ములే తీసుకో. ఎడమ కుడి రెండు వైపులా, కంట్రోల్ ఆర్ములు రెండు, టెన్షన్ స్ట్రట్‌లు రెండు. వీటితో పాటు రెండు లింక్ రాడ్లు. టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీళ్లు) ఆడుతున్నాయేమో చూసి, అనుమానముంటే ఇప్పుడే మార్చు. తర్వాత మారిస్తే అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.

షాకుల వైపు: షాకులు రెండు, పైన మౌంటింగులు, బంప్ స్టాపులు, దుమ్ము టోపీలు, స్ప్రింగు కింద కూర్చునే రబ్బరు ప్యాడ్లు. స్ప్రింగులు విరగకపోతే, తుప్పు పట్టకపోతే పాతవే చాలు.

నట్లు మరిచిపోవద్దు. ఆర్ముల దగ్గర సెల్ఫ్-లాకింగ్ నట్లు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. కోణంతో బిగించే బోల్టులు కూడా అంతే. పార్టులతో పాటే కొత్తవి తెప్పించు. చివరి నిమిషంలో ఆటోనగర్‌లో దొరికిన నట్టు వేసే పని పెట్టుకోవద్దు.

బెంజిసర్కిల్_వాసి (విజయవాడ)

పాలీయురేథేన్ బుష్‌ల గురించి ఎవరూ మాట్లాడలేదు. పవర్‌ఫ్లెక్స్ వాళ్లవి ఈ90కి దొరుకుతాయి. రబ్బరు లాగా ఎండకు చీలవు కదా? రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో రోజంతా బయట నిలబెట్టే బండికి అవే మంచివేమో.

ఆటోనగర్_పానా (విజయవాడ)

మంచి ప్రశ్న. పాలీ ఎక్కువ కాలం వస్తుంది, నిజమే. కానీ కంపెనీ ఆ చోట ద్రవం నింపిన బుష్ ఎందుకు పెట్టిందో ఆలోచించండి. చక్రం నుంచి వచ్చే వణుకును ఆపడానికి. పాలీలో ఆ ద్రవం లేదు. చక్రాన్ని గట్టిగా పట్టుకుంటుంది, దానితో పాటే గరుకంతా లోపలికి పంపుతుంది. పైగా పాలీ బుష్ లోపల స్లీవ్ తిరుగుతూ ఉండాలి, గ్రీజు ఎండితే కిర్రుమంటుంది. మన దుమ్ములో అది తొందరగానే ఎండుతుంది. ట్రాక్ మీద తిప్పే కారుకు వేయండి. ఇంటి కారుకు కొత్త రబ్బరే హాయి.

అరండల్‌పేట_అన్న (గుంటూరు)

బ్రాండ్ల మాట నేను చెబుతాను. ఆర్ములకు లెమ్‌ఫోర్డర్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. బీఎండబ్ల్యూకు ఫ్యాక్టరీ పార్టులు సరఫరా చేసే జెడ్ఎఫ్ గ్రూపు బ్రాండు అది. చాలాసార్లు ఆర్మ్ మీద బీఎండబ్ల్యూ గుర్తు ఉన్న చోట గీకేసి ఉంటుంది, అది చూసి నకిలీ అని కంగారు పడొద్దు. మెయిలే హెచ్‌డీ కూడా మంచిదే. షాకుల్లో సాక్స్ కూడా జెడ్ఎఫ్‌దే. ఇక్కడ చాలామందికి ఒక గందరగోళం ఉంది: ఫెబి బిల్‌స్టీన్ వేరు, షాకులు చేసే బిల్‌స్టీన్ వేరు. రెండూ జర్మనీలో ఎన్నెపెటాల్ ఊరి కంపెనీలే కానీ ఒకదానికొకటి సంబంధం లేదు. పెట్టె మీద బిల్‌స్టీన్ అని చూసి షాకుల కంపెనీ ఆర్ములు వచ్చాయనుకోవద్దు.

ఆర్డర్ పెట్టేటప్పుడు మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. చాసిస్ నంబర్ చివరి ఏడు అక్షరాలు ఇచ్చి కేటలాగులో పార్ట్ నంబర్ తీయించండి. మామూలు సస్పెన్షన్, స్పోర్ట్ సస్పెన్షన్ కార్లకు షాకులు వేరు. పేరు తెలియని చవక ఆర్ములు సగం ధరకే ఇస్తామంటారు. వాటి బాల్ జాయింట్లు వానాకాలం ఒకటి గడిచేలోపు ఆడటం నేను చూశాను. చక్రాన్ని పట్టుకునే పార్టు దగ్గర బేరం వద్దు.

కృష్ణాతీరం320 (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. నిర్ణయానికి వచ్చాను. ఆర్ములు నాలుగూ లెమ్‌ఫోర్డర్, స్టాక్ కొలతలవే. లింక్ రాడ్లు, టై రాడ్ ఎండ్లు, మౌంటింగులు కొత్తవి. షాకుల దగ్గర మాత్రం బిల్‌స్టీన్ బీ4 వేయాలా, బీ6 వేయాలా తేల్చుకోలేకపోతున్నాను.

మలుపు_మొనగాడు (మంగళగిరి)

బీ4 అంటే కంపెనీ షాకుకు సమానం, మెత్తగా ఉంటుంది. బీ6 మోనోట్యూబ్ (ఒకే గొట్టం) రకం, గ్యాస్ ఒత్తిడితో పనిచేస్తుంది, స్టాక్ ఎత్తు స్ప్రింగు కోసమే చేసింది. బీ8 అదే రకం, కాకపోతే పొట్టి స్ప్రింగుల కోసం. మీరు ఎత్తు తగ్గించడం లేదు కాబట్టి బీ8 వద్దు. మీకున్నవి రన్-ఫ్లాట్ టైర్లా? అయితే ముందు అది చెప్పండి.

కృష్ణాతీరం320 (విజయవాడ)

అవునండి, 225/45 ఆర్17 రన్-ఫ్లాట్లు. ఎలాగూ మార్చే టైమ్ వచ్చింది.

మలుపు_మొనగాడు (మంగళగిరి)

అయితే సమాధానం అక్కడే ఉంది. రన్-ఫ్లాట్ పక్కగోడ గాలి లేకపోయినా కారును మోయాలి, అందుకే చాలా గట్టిగా ఉంటుంది. గుంతలో పడితే ఆ దెబ్బను టైరు తీసుకోదు, సస్పెన్షన్‌కు పంపుతుంది. అదే సైజులో మామూలు టైర్లు వేస్తే బీ6 గట్టిదనం ఇబ్బందిగా అనిపించదు. రన్-ఫ్లాట్లే ఉంచుకుంటే బీ4 వేయండి. మామూలు టైర్లు వేస్తే డిక్కీలో పంక్చర్ కిట్, చిన్న కంప్రెసర్ తప్పకుండా ఉండాలి, ఈ కారులో స్టెపినీ లేదు కదా.

బీ6 వేస్తే ముందువి మాత్రమే మార్చి వెనుక పాతవి వదిలేయొద్దు. ముందు గట్టిగా, వెనుక వదులుగా ఉంటే హైవే మీద అలల రోడ్డులో కారు వెనుక భాగం తేలుతుంది.

కృష్ణాతీరం320 (విజయవాడ)

సరే, మామూలు టైర్లు, నాలుగూ బీ6. ఇంట్లో పెద్దవాళ్లు వెనుక సీట్లో కూర్చుంటారు కాబట్టి మొదట టైర్లు మార్చి, ఒకటి రెండు ప్రయాణాలు చేశాకే షాకులు ఆర్డర్ పెడతాను.

గురువుగారూ, పని చేసే కుర్రాళ్లకు నేను ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏమైనా ఉందా?

ఆటోనగర్_పానా (విజయవాడ)

ఉంది తమ్ముడూ. ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కాస్త ఓపికగా చదువు.

రబ్బరు బుష్ మధ్యలో ఒక ఇనుప గొట్టం ఉంటుంది, రబ్బరు దానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ గొట్టం బాడీకి పట్టుకుపోతుంది. ఇక ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా రబ్బరు మెలి తిరుగుతుంది. కారు నేల మీద మామూలుగా నిలబడినప్పుడు ఆ మెలి సున్నాగా ఉండాలి. చాలా చోట్ల కారును లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు కిందికి వేలాడుతుండగానే బోల్టు ఫైనల్‌గా బిగించేస్తారు. దించగానే ఆర్మ్ పైకి వస్తుంది, రబ్బరు మెలి తిరిగిపోతుంది. పిండిన తడిగుడ్డను విప్పకుండా అలాగే ముడివేసి ఉంచినట్టు, ఆ బుష్ రాత్రీ పగలూ మెలి మీదే ఉంటుంది. దాని మీద గుంతల దెబ్బలు. కొత్త బుష్ ఏడాది తిరక్కుండా చీలడానికి అసలు కారణం చాలావరకు ఇదే. పార్టు మంచిది కాదని పార్టును తిడతారు.

సరైన పద్ధతి: అన్ని బోల్టులూ చేతితో పట్టించి వదిలేయాలి. తర్వాత కారు బరువంతా చక్రాల మీద ఉండగా, గుంతలో ఉండి గానీ నాలుగు స్తంభాల లిఫ్ట్ మీద గానీ ఫైనల్ టార్క్ బిగించాలి. అలా వీలు కాకపోతే ఇంకో దారి ఉంది. పని మొదలుపెట్టకముందే, కారు నేల మీద ఉండగా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోవాలి. బిగించేటప్పుడు హబ్ కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా ఎత్తి, అప్పుడు బిగించాలి. ఎత్తేటప్పుడు కారు స్టాండ్ మీద నుంచి లేవకుండా చూడాలి. రెండు వైపులా ఇదే పద్ధతి.

మిగతావి. బాల్ జాయింట్ ఊడదీయడానికి సుత్తి వాడనివ్వొద్దు, జాయింట్ పుల్లర్ తెమ్మను. కాలిపర్‌ను బ్రేక్ గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టాలి. ఏబీఎస్ సెన్సర్ వైరు, ఎడమ ముందు బ్రేక్ ప్యాడ్ సెన్సర్ వైరు స్ట్రట్‌కు క్లిప్పులతో ఉంటాయి, ముందే విడదీయాలి. నీది జెనాన్ హెడ్‌లైట్ల కారైతే ఎత్తు చూసే సెన్సర్ కడ్డీ ఆర్మ్‌కు తగిలించి ఉంటుంది. దాని బ్రాకెట్ కొత్త ఆర్మ్ మీదకు మార్చకపోతే లైట్ల తప్పు చూపిస్తుంది. కింద ముందు భాగంలో బిగింపు ప్లేటు విప్పితే, దాన్ని తిరిగి పెట్టకుండా కారును గజం కూడా నడపకూడదు, బాడీకి బలం ఇచ్చేది అది.

స్ప్రింగు నొక్కే కంప్రెసర్ దగ్గర జాగ్రత్త. అరిగిన మరలున్న సన్నటిది కనిపిస్తే పని ఆపించు. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషి ప్రాణం పోతుంది. ఎయిర్ గన్‌తో దాన్ని తిప్పనివ్వొద్దు.

టార్క్ విలువలు మీ కారు చాసిస్‌కు సంబంధించిన వర్క్‌షాప్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి, నోటి లెక్కలు వద్దు. ఈ90 వీల్ బోల్టులది మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది: 120 న్యూటన్ మీటర్లు.

బెంజిసర్కిల్_వాసి (విజయవాడ)

ఈ మెలి సంగతి ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు. మా వాళ్ల ఇంకో కంపెనీ కారుకు కూడా బుష్‌లు మాటిమాటికీ పోతున్నాయి. ఇది అన్ని కార్లకూ వర్తిస్తుందా?

ఆటోనగర్_పానా (విజయవాడ)

రబ్బరు లోపలి గొట్టానికి అతికి ఉన్న బుష్ ఏ కారులో ఉన్నా వర్తిస్తుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు కూడా.

కృష్ణాతీరం320 (విజయవాడ)

పని అయిపోయింది. నేను దగ్గరే ఉండి చేయించాను. ముందే ఫెండర్ కొలతలు తీసి కాగితం మీద రాసి గోడకు అంటించాను. నాలుగు స్తంభాల లిఫ్ట్ ఉన్న చోటే చూసుకున్నాం కాబట్టి చివరి బిగింపు చక్రాల మీద బరువుతోనే జరిగింది. మెకానిక్ కుర్రాడు మొదట 'ఇంత అవసరమా సార్' అన్నాడు. పాత ఎడమ బుష్‌ను కోసి చూపిస్తే లోపల ఒక్క చుక్క ద్రవం లేదు, రబ్బరు సగం చుట్టూ విడిపోయి ఉంది. అది చూశాక తనే టార్క్ రెంచ్ తెచ్చి పక్కన పెట్టుకున్నాడు.

ఇబ్బంది పెట్టింది స్ట్రట్. దాని అడుగు భాగం హబ్ పట్టీలో దూరి ఒక బోల్టుతో బిగుసుకుని ఉంటుంది. పదిహేనేళ్ల మట్టి, తుప్పుతో అది కదల్లేదు. నూనె చల్లి కాసేపు నానబెట్టి, ఆ చీలికను కొద్దిగా తెరిచే పనిముట్టు వాడితే దిగింది. ఎవరైనా చేయించుకునేవాళ్లు ముందురోజు సాయంత్రమే నూనె చల్లించండి.

అలైన్‌మెంట్ అయ్యాక గుంటూరు దాకా వెళ్లొచ్చాను. వంద దగ్గర బ్రేక్ వేస్తే స్టీరింగ్ కదల్లేదు. డిస్కులు పాతవే, గమనించండి. 'టక్' చప్పుడు లేదు. కనకదుర్గ వారధి మీద జాయింట్లు దాటుతుంటే ఇంతకుముందు రెండు మూడు ఊపులు ఉండేవి, ఇప్పుడు ఒక్క దెబ్బతో ఆగుతుంది. వెనుక సీట్లో అమ్మ ఏమీ అనలేదు. అదే నాకు పెద్ద సర్టిఫికెట్.

లారా_ఆర్ఎస్ (గుంటూరు)

శుభాకాంక్షలు అన్నా. అలైన్‌మెంట్ కొలతలు ఎలా వచ్చాయి? స్ట్రట్ పైన ఉండే పిన్ తీశారా?

కృష్ణాతీరం320 (విజయవాడ)

పిన్ తీయలేదు. ఫ్యాక్టరీ క్యాంబరే ఉంచాం. టో మాత్రం పాత రిపోర్టులో బాగా బయటికి తెరుచుకుని ఉంది, టైర్ల లోపలి అంచు తినేసింది అదేనని అలైన్‌మెంట్ ఆయన చూపించారు. ఇప్పుడు రెండు వైపులా సమానంగా, స్పెసిఫికేషన్ లోపల ఉంది.

మలుపు_మొనగాడు (మంగళగిరి)

పిన్ గురించి తెలియనివాళ్లకు: ఈ90లో ముందు క్యాంబర్ సర్దడానికి విడిగా అడ్జస్ట్‌మెంట్ లేదు. మౌంటింగ్‌ను ఒకేచోట కూర్చోబెట్టే చిన్న పిన్ ఉంటుంది. అది తీస్తే నట్ల రంధ్రాల్లో ఉన్న వెసులుబాటు మేరకు మౌంటింగ్‌ను లోపలికి జరిపి కొద్దిగా క్యాంబర్ తెచ్చుకోవచ్చు. ఎడమ కుడి తేడా ఉన్న కార్లకు అది ఉపయోగం. తేడా లేనప్పుడు తీయకపోవడమే మంచిది.

కృష్ణాతీరం గారూ, అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను స్కానర్‌తో సున్నా చేయించారా? చేయించకపోతే డీఎస్‌సీ (కారు జారకుండా చూసే వ్యవస్థ) లైటు వెలగొచ్చు.

కృష్ణాతీరం320 (విజయవాడ)

చేయించానండి, అక్కడే చేశారు. లైట్లు ఏవీ లేవు.

కొత్తపేట_320ఐ (గుంటూరు)

థ్రెడ్ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. నాది పెట్రోల్ 320ఐ, 2009. ఎడమ బుష్ మీద ఇలాంటి మరకే ఉంది. ఇవే ఆర్ములు నాకూ సరిపోతాయా? వెనుక కూడా ఇప్పుడే విప్పాలా?

ఆటోనగర్_పానా (విజయవాడ)

ఎం3 కానంతవరకు, వెనుక చక్రాలు నడిపే ఈ90లో పెట్రోల్, డీజిల్ తేడా లేకుండా ముందు ఆర్ములు ఒకటే. స్ప్రింగులు మాత్రం ఇంజిన్ బరువును బట్టి మారతాయి, షాకులు చాసిస్ నంబర్‌తోనే చూసుకోండి. వెనుక ఐదు లింకుల యాక్సిల్, బుష్‌లు ఎక్కువ, పని పెద్దది. టైర్లు వంకరగా అరగకుండా, లేన్ మారినప్పుడు వెనుక భాగం ఊగకుండా ఉంటే ఇప్పుడు ముట్టుకోవద్దు. గుంత మీద పెట్టినప్పుడు వెనుక బుష్‌లకు కూడా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, ఏది మార్చాలో ఏది వదిలేయవచ్చో చూసి చెబుతాను.